కనికట్టునకు క్రొత్తపేరు

గత శ్రావణమాసమున హైదరాబాదులోని శ్రీనగర్ కాలనీయందు మా మిత్రులొకరి యింట పెండ్లిచూపులు జరిగెను. పెద్దవారముగదా యని మమ్మును పిలిచిరి. పిల్ల గణితశాస్త్రమున పట్టభద్రురాలు, చేరువనున్న పాఠశాలలో ఉపాధ్యాయిని, చామనచాయది, మాటలో తడబాటు లేనిది. వచ్చినవారు ఫలాహారములు స్వీకరించిరి. చదువును గుఱించి యడిగిరి. జీతమును గుఱించియు నడిగిరి. అంతయు సవ్యముగనే జరుగుచున్నదని మేమనుకొనుచుండగా, వరుని మేనత్తగారు కాఫీ గ్లాసు క్రింద బెట్టుచు, "పిల్ల బుద్ధిమంతురాలేనండీ. చదువుంది, ఉద్యోగముంది. కాని మావాడి పక్కన నిలబడితే ఇంకాస్త గ్లామరస్‌గా ఉండాలనిపిస్తుంది" అనిరి. కాఫీలో పంచదార తక్కువైనదని చెప్పినంత తేలికగా నామె యామాట చెప్పిరి. పిల్ల తల్లి నొచ్చుకొని, "పార్లర్‌కు పోదామంటే అదే వద్దందండీ" అని తప్పును కూతురిపై త్రోసెను. తండ్రి నేల చూచెను.

అప్పుడా పిల్ల తలయెత్తి, "అత్తయ్యగారూ, ఆ మాటకు అర్థమేమిటండీ?" అని యడిగెను. ఆమె స్వరమున కోపము లేదు. తెలియగోరి యడిగిన ప్రశ్నయే యది. సమాధానము చెప్పుటకు నలుగురు పూనుకొనిరి. ఒకరు మంచి రంగనిరి. ఒకరు సన్నదనమనిరి. వేఱొకరు రంగును గాదు, సన్నదనమును గాదు, బట్టకట్టు తీరనిరి. వరుడు కొంతసేపాలోచించి, "సినిమాల్లో వాళ్లలాగా" అనెను. నలుగురి యర్థములు నాలుగు త్రోవలు పట్టినవి, తీర్పు మాత్రమొక్కటే. అర్థము తెలియని మాటతో నొక మనుష్యుని తూచి, తక్కువ తూగినదని నిర్ణయించి, మఱల కబురు చేయుదుమని చెప్పి వారు లేచిపోయిరి.

ఆ పిల్ల ప్రశ్నకు ఆనాడెవ్వరును జవాబు చెప్పలేదు. పెద్దవారముగ పిలువబడియు మేమును చెప్పలేదు; అందుకు సిగ్గుపడుచున్నాము. ఆలస్యముగనైనను చెప్పవలెనను తలంపుతో నీ వ్యాసము వ్రాయుచున్నాము.

శ్రీనగర్ కాలనీలో ఈ మాట వినబడుటలో వింత లేదు. ఒక ప్రక్క అమీర్‌పేట, ఒక ప్రక్క పంజగుట్ట, మఱియొక ప్రక్క యూసఫ్‌గూడ, కృష్ణానగర్. ఈ వీథులలో చలనచిత్ర నిర్మాతల కార్యాలయములు పెక్కు కలవు. చేరువనే 1950 దశాబ్దమున వెలసిన సారథీ స్టూడియో యున్నది. కొంత దూరమున, బంజారాహిల్స్‌లో, 1976లో ప్రారంభమైన అన్నపూర్ణా స్టూడియో యున్నది. తెల్లవారుజామున కృష్ణానగర్ వీథులలో వేషము దొరకునాయని వేచియుండు జూనియర్ ఆర్టిస్టులను చూడనివారీ ప్రాంతమున లేరు. ఈ పరిశ్రమలో స్త్రీ పాత్రలు రెండు జాతులుగా చెప్పబడుచున్నవి: ఒకటి నటనకు అవకాశమున్న పాత్ర, రెండవది గ్లామర్ పాత్ర. ఈ విభాగమును పత్రికలు నిత్యము వ్రాయుచున్నవి. మనము నిత్యము చదువుచున్నాము. రెండవ జాతి పాత్రలో నటనకు చోటు లేదని యొప్పుకొనుటయే యిది యని మాత్రము తలంపము. కార్యాలయమునుండి పత్రికకు, పత్రికనుండి వసారాకు, వసారానుండి పెండ్లిచూపులకు ఈ మాట నడచివచ్చినది. వచ్చినదాని కులగోత్రములు విచారింతము.

గ్రీకు భాషలో ‘గ్రమ్మా’ యనగా అక్షరము. గీయుట, వ్రాయుట యను నర్థముగల క్రియనుండి పుట్టిన మాట యది. దానినుండి ‘గ్రమ్మతికే’ యను మాట కలిగెను. అక్షరవిద్య యని దాని యర్థము. లాటినువారు దానిని తీసికొనిరి. వారినుండి ఫ్రెంచివారు, ఫ్రెంచివారినుండి ఇంగ్లీషువారు. మన పిల్లలు బడిలో గ్రామరని చదువుకొను మాట యిదియే. వ్యాకరణమునకును వయ్యారమునకును ఏమి చుట్టరికమని చదువరులు నవ్వవచ్చును. చుట్టరికము గాదు, ఏకోదరత్వమే కలదు. గ్లామరనునది గ్రామరను మాటకు వికృతి. స్కాట్లండు జనుల నోట రేఫము లకారమై, వ్యాకరణము మాయ యైనది.

ఇది యెట్లు సంభవించెను? మధ్యయుగములందు ఐరోపాలో చదువనగా లాటిను చదువు. అది మతగురువులకును కొలదిమంది పండితులకును మాత్రమే దక్కినది. దున్నువాడు, నేయువాడు, వాని యాలుబిడ్డలు ఆ యక్షరములను దూరమునుండి చూచినవారేగాని చదివినవారు గారు. తెలియని భాషలో, తెలియని గీతలు చూచుచు, ఒకడు పెదవులు కదలించుచుండగా చూచువానికేమి తోచును? వాడు మంత్రము చదువుచున్నాడనియే తోచును. కావుననే అక్షరవిద్య యను మాటకే మంత్రవిద్య యను నర్థము కలిగెను. ఫ్రెంచి భాషలో మాంత్రికుల పుస్తకమునకు ‘గ్రిమ్వార్’ అని పేరు. అదియు గ్రామరునకు తోబుట్టువే. ఒకరికి విద్య నిరాకరింపబడినచోట రెండవవాని విద్య ఇంద్రజాలముగ కనబడునని యీ మాటల చరిత్ర సాక్ష్యమిచ్చుచున్నది.

ఈ సాక్ష్యము మనకు పరాయిది గాదు. మన దేశమున అక్షరము ఎవరికి దక్కినది, ఎవరికి దక్కలేదు? 1874లో కందుకూరి వీరేశలింగముగారు ధవళేశ్వరమున బాలికాపాఠశాల స్థాపించిననాడు, చదివిన స్త్రీ చెడునని, మగడు చచ్చునని నమ్మినవారు కొల్లలు. 1883లో స్త్రీలకొఱకు ‘సతీహితబోధిని’ పత్రికను వారు ప్రారంభించిననాటికిని చదువగల స్త్రీలెంతమంది? నైజాము రాష్ట్రమున తెలుగు బాలికలకు తెలుగున చదువు చెప్పుటకు హైదరాబాదులో మాడపాటి హనుమంతరావుగారు 1928లో పాఠశాల నెలకొల్పవలసివచ్చెను. ఆ కాలమున ఉత్తరము వ్రాయగల స్త్రీని ఇరుగుపొరుగువారు చూచిన చూపులో కొంత భయము, కొంత యనుమానము నుండెను. స్కాట్లండు పల్లెవాడు పండితుని చూచిన చూపదియే. మన భాషయందును విద్యావాచకమొకటి దారి తప్పినది: ఛందస్సనగా వేదము, వేదము చదివినవాడు ఛాందసుడు. నేడు ఛాందసుడనగా లోకజ్ఞానము లేనివాడు. అక్కడ చదువునకు మాయ యని పేరు. ఇక్కడ చదివినవానికి వెఱ్ఱివాడని పేరు. రెండుచోట్లను చదువును దూరమునుండి చూచినవారే ఆ పేర్లు పెట్టినవారు.

ఇక గ్లామరనగా స్కాట్లండువారికి ఏ మాయ? మాయలందు పలు విధములు కలవుగదా! 1721లో అలన్ రాంసే యను స్కాట్లండు కవి తన కవిత్వసంపుటికి చేర్చిన పదపట్టికలో ఈ మాటను వివరించెను. మాంత్రికులును గారడివాండ్రును చూపరుల దృష్టిని మోసగించునప్పుడు, వారి కన్నులపై గ్లామరు వేసిరని చెప్పుదురని దాని సారాంశము. 1805లో వాల్టర్ స్కాట్ తన ‘లే ఆఫ్ ది లాస్ట్ మిన్‌స్ట్రెల్’ అను కావ్యమున ఈ మాటను ప్రయోగించిన తరువాత ఇంగ్లండునందును అది వ్యాపించెను. ఆ కావ్యమున ఒక మంత్రపుస్తకము కలదు. ఒక వస్తువును వేఱొక వస్తువుగ కనబఱచుట అందలి మంత్రమునకు గల శక్తి. ఇందు గమనింపదగిన విషయమొకటి యున్నది. ఆనాటి గ్లామరు వస్తువునందుండు గుణము గాదు. చూచువాని కంటిపై నింకొకడు చేయు క్రియ. రాయి రాయిగనే యుండును. దానిని రత్నమని చూచుటకు మన కన్నును సిద్ధము చేయువాడు వేఱొకడు.

ఈ యర్థమునకు తెలుగున సరియైన మాట యున్నది: కనికట్టు. కన్నును కట్టివేయుట. సంతలో గారడివాడు చేయునదదియే. మన నగరపు ఉర్దూలో దీనిని నజర్‌బందీ యందురు. చూపును బంధించుట యని దానికిని అర్థము. అయితే ఉర్దూ మాటకు రెండవ యర్థము కూడ కలదు. ఒక మనుష్యుని చెఱసాలకు పంపక, కాపలావాండ్ర చూపుమేర నిర్బంధించియుంచుట గూడ నజర్‌బందీయే. ఈ రెండర్థములును ఒక్క మాటలోనుండుట యాదృచ్ఛికమే కావచ్చును. కాని మేము చెప్పదలచినదంతయు నా రెండర్థములలో నిమిడియున్నది. చూచువాని కన్నును కట్టు మంత్రమే, చూడబడుదానిని చూపులలో ఖైదు చేయుచున్నది.

ఈ మాటకు నేటి యర్థమెట్లు వచ్చినదో క్లుప్తముగ చెప్పుదుము. ‘గ్లామరస్’ అను విశేషణము 19వ శతాబ్దపు చివరి భాగమున పుట్టినది. దానిని మనుష్యుల రూపమునకు, ముఖ్యముగ స్త్రీల రూపమునకు అంటగట్టినది 1930 దశాబ్దపు హాలీవుడ్డు. 1939లో అమెరికాలో ‘గ్లామర్ ఆఫ్ హాలీవుడ్’ అను పేరుతోనే యొక పత్రిక వెలువడెను. 1930లో జార్జి హరెల్ అను ఛాయాగ్రాహకుడు ఎం.జి.ఎం. సంస్థలో చేరి తారల చిత్రములు తీసెను. ఆ చిత్రములెట్లు తయారగుచుండెనో తెలిసికొన్నచో మాట మూలార్థమెంత నిలిచియున్నదో తెలియును. ఎత్తుననుండి దీపము వ్రేలాడదీసి చెక్కిలి యెముక క్రింద నీడ పడునట్లు చేయుదురు. పిమ్మట నెగెటివుపై పెన్సిలు ముల్లుతో గీసి ముడుతలను, మచ్చలను మాపుదురు. అనగా ముఖముపై వెలుగుతో మొదట వ్రాసి, ఆపైని సీసముతో వ్రాయుదురు. గీయుట యను నర్థముగల క్రియనుండి పుట్టిన మాట మఱల గీతకే చేరినది! నేడా పని ప్రతివాని చేతిలోని ఫోను చేయుచున్నది. తన ముఖమును తన ఫోనులోని ముఖముతో పోల్చుకొని చిన్నబోవు పిల్లలు మన యిండ్లలోనే యున్నారు.

ఇచ్చట కొందఱు మమ్ము ఆక్షేపింతురు. "మాటల యర్థములు మాఱుచుండును. కంపనగా పూర్వము సువాసనకును చెల్లినది; నేడు దుర్వాసన. అంతమాత్రమున పూలను కంపుకొట్టుచున్నవని యెవరైన ననుచున్నారా? మూడువందల యేండ్లక్రిందటి యర్థమును తెచ్చి నేటి మాటను శిక్షించుట న్యాయమా?" అని. ఈ యాక్షేపము సహేతుకమైనది. పుట్టుకనుబట్టి మాటను నిందించుట, పుట్టుకనుబట్టి మనుష్యుని నిందించుటవంటిదే. మా పత్రిక అట్టి పని చేయదు. మా వాదమది గాదు. ఈ మాట యర్థము మాఱలేదనియే మా వాదము. కనికట్టు కనికట్టుగనే యున్నది. మాఱినదొక్కటే: పూర్వము కనికట్టు చేసినవాడు గారడివాడని అందఱెఱుగుదురు. నేడు దానిని చేయువారు తెరవెనుకకు పోయి, ఆ గుణము చూడబడు స్త్రీదే యని చెప్పుచున్నారు. దీపము పట్టినవాడు, రంగు పూసినవాడు, బట్ట కుట్టినవాడు, పెట్టుబడి పెట్టినవాడు, అమ్మినవాడు, వీరెవ్వరును గ్లామరస్ కారు. ఆమె గ్లామరస్. కావున అది తగ్గిననాడు తప్పును ఆమెదే.

మా మాటకు తెలుగు తెరయొక్క తొలినాళ్లనుండియే దృష్టాంతము చూపెదము. 1938లో గూడవల్లి రామబ్రహ్మముగారు సారథీ ఫిలిమ్స్ పక్షమున ‘మాలపిల్ల’ చిత్రమును తీసిరి. కథ చలముగారిది, సంభాషణలు తాపీ ధర్మారావుగారివి. అస్పృశ్యతను ఖండించిన చిత్రమది. శ్రీనగర్ కాలనీ చేరువనున్న స్టూడియో ధరించిన పేరు ఆ సారథిదే. ఆ చిత్రమున నాయిక కాంచనమాల. ఆమె కన్నులను గుఱించి చెప్పుకొనని తెలుగువారానాడు లేరందురు. తరువాతివారు ఆమెను తెలుగు తెర తొలి గ్లామర్ తార యని వ్రాసిరి, నేటికిని వ్రాయుచున్నారు. అంటరానిదని లోకము త్రోసివేసిన పిల్లకు చదువు, గౌరవము కావలెనని వాదించిన చిత్రమున నామె నటించెను. అయినను లోకమునకు మిగిలినది ఆ వాదము గాదు, ఆ కన్నులు.

1942లో ‘బాలనాగమ్మ’ చిత్రమున ఆమెయే బాలనాగమ్మ. ఆ కథ మన పల్లెలలో బుఱ్ఱకథగ వినని వారరుదు. మాయలమరాఠీ భిక్షకు వచ్చి, మంత్రముచేత నామెను కుక్కగా మార్చి, తన కోటకు తీసికొనిపోయి, యేండ్లతరబడి చెఱలో నుంచును. ఆమె రూపమే యామె చెఱకు కారణము. మాంత్రికుడు కన్ను కట్టుట, స్త్రీని చూపులలో ఖైదు చేయుట, రెండును ఆ కథలో కలవు. తెరమీద ఆ చెఱనుండి విడిపించుటకు కొడుకు వచ్చెను. తెరవెలుపల కాంచనమాలను విడిపించుటకెవ్వరును రాలేదు. ఒప్పందమును గుఱించి నిర్మాతతో తగవు కలిగి, ఆ చిత్రమునకు పిమ్మట ఆమె నాయిక వేషములకు దూరమయ్యెను. మనస్సు కలత చెందెను. 1963లో ‘నర్తనశాల’లో ఒక చిన్న వేషమున మాత్రము కనబడెను, 1981లో మరణించెను. ఆమెను పొగడిన కన్నులు లక్షలు. ఒప్పందపత్రమును చదివి, ఇందు నీకు హాని యున్నదని చెప్పిన కన్నులెన్ని? గ్లామరును చూచువారున్నంతమంది గ్రామరును చూచువారు లేకపోయిరి. ఇది వట్టి మాటల యాట గాదు. ఒప్పందపత్రము అక్షరములతో వ్రాయబడును.

ఇంకొక విషయము. తెలుగు తెరపై కనబడు నాయికలలో పెక్కుమందికి కొన్ని దశాబ్దములుగా తెలుగు రాదు. ముఖమొకరిది, గొంతు వేఱొకరిది. ఈ గొంతునిచ్చు కళాకారిణులెంతటి ముఖ్యులనగా, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపు నంది పురస్కారములలో వారికి ప్రత్యేకముగ నొక పురస్కారముండెడిది. ఆ నాయికలను మేము నిందింపము; పొట్టకొఱకు పరరాష్ట్రమునకు వచ్చి పనిచేయుట తప్పు గాదు. తెలుగు నేర్చి తమ గొంతుతోనే పలికినవారును కలరు. వారి శ్రమ మెచ్చదగినది. కాని యీ యేర్పాటును కోరినవారిని మేమడుగుచున్నాము: స్త్రీకి ముఖముండినచాలును, మాట అక్కఱలేదని తలంచుట కాదా యిది? అక్షరవిద్య యను నర్థముతో పుట్టిన మాట, తుదకు అక్షరము పలుకనక్కఱలేని ముఖమునకు బిరుదైనది. వీరేశలింగముగారి కాలమున స్త్రీకి అక్షరము నిరాకరించినవారు దానిని శాస్త్రమనిరి. నేడు వ్యాపారమనుచున్నారు.

రంగును గుఱించియు రెండు మాటలు చెప్పవలెను. ఏలయన, పెండ్లిచూపులలో వచ్చిన మొదటి సమాధానమదియే. తెల్లదనమును సీసాలలో నింపి అమ్మువారు మన దేశమున కొత్తవారు గారు. 1975లో విపణికి వచ్చిన ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ లేపనమునకు 2020లో ‘గ్లో అండ్ లవ్లీ’ అని పేరు మార్చిరి. నల్లనివారిని తక్కువవారినిగ చూపరాదని భారత ప్రకటనల ప్రమాణాల మండలి 2014లోనే నియమము చేసెను. పేరు మాఱుట మంచిదే, నియమమును మంచిదే. అయితే మేనత్తగారి నోట ‘తెలుపు’ అను మాట రాలేదని చదువరులు గమనించియుందురు. తెలుపని చెప్పుటకు నేడు నలుగురిలో సిగ్గు. గ్లామరస్ అని చెప్పుటకు సిగ్గు లేదు. చెప్పరానిదానిని చెప్పుటకు ఈ మాట ముసుగైనది. కట్నమును కానుక యని పిలిచినట్లే, రంగును గ్లామరని పిలుచుచున్నారు.

"మీరు సంస్కర్తలు, మీకు అలంకారమన్న గిట్టదు, కళయన్న గిట్టదు" అని రెండవ యాక్షేపము వచ్చును. ఇందుకు మేము మా పెద్దల తప్పును దాచక ఒప్పుకొని సమాధానము చెప్పెదము. మన పూర్వసంస్కర్తలు భోగముమేళములను ఖండించిరి. ఖండనము న్యాయమే, బాలికలను ఆ వృత్తికి అప్పగించుట ఘోరము. కాని వారి కలములు ఆడుదానిపై పడినంత గట్టిగ, ఆడించిన జమీందారులపై పడలేదు. 1947లో మద్రాసు రాష్ట్రమున దేవదాసీ నిషేధచట్టము వచ్చినది. తరతరములుగ నృత్యమును, సంగీతమును కాపాడిన కళావంతుల కుటుంబములలో పెక్కింటికి జీవనమును పోయినది, గౌరవమును దక్కలేదు. ఆ కళ మాత్రము వేఱు కుటుంబముల పిల్లలకు గౌరవప్రదమైన విద్య యైనది. ఆ తప్పును మఱల చేయ మాకిష్టము లేదు. దీపము క్రింద నిలుచున్న స్త్రీని మేము దూషింపము. పూలు ముడుచుకొనుట, మంచి చీర కట్టుకొనుట, ముఖమునకు రంగు వేసికొని అభినయించుట, వీనిని దోషములని యెవ్వరన్నను మేమొప్పుకొనము. మా యెదిరింపు దీపము పట్టి దాగినవానితో.

వాడు దాగుట యెంత సులభమో యిటీవలి చరిత్ర చూపుచున్నది. 2018లో ఒక నటి ఫిల్మ్ ఛాంబరు నెదుట నిలిచి, వేషములిచ్చు పేరిట స్త్రీలను పీడించుచున్నారని నిరసించినప్పుడు, మొదట చర్చ జరిగినది పీడను గుఱించి గాదు. ఆమె నిరసించిన తీరును గుఱించి. ఆమె నోరు మెదపకమునుపు గ్లామరస్. మెదపిన తరువాత సిగ్గులేనిది. పిమ్మట 2019లో తెలంగాణ ప్రభుత్వమొక సంఘమును నియమించెను. 2022లో ఆ సంఘము నివేదికనిచ్చెను. కేరళలో 2017లో నియమింపబడిన హేమా సంఘము 2019లో ఇచ్చిన నివేదిక 2024 ఆగస్టులో ప్రకటింపబడగా, ఇచ్చటి నివేదికను గూడ బయటపెట్టవలెనని మన చలనచిత్రరంగపు స్త్రీలు కోరిరి. కనికట్టు కప్పిన దానిని విప్పుటకు పత్రము కంటె మంచి సాధనము లేదు. వ్రాయబడిన నివేదికను చదువనిమ్మనుట న్యాయమైన కోరిక.

మాటలోనికి మఱల వత్తము. పరభాషాపదమగుటచేత దీనిని బహిష్కరింపుమని మేము చెప్పుట లేదు. కుర్చీ, కాఫీ, రైలు మన యిండ్లలోనికి వచ్చి మనవైనవి. షోకు, డాబు మనవైనవి. అయితే ఇంటిలోనికి వచ్చినవాడేమి పని చేయునో యజమానురాలు విచారింపవలదా? మనుష్యుని ఆకర్షణను చెప్పుటకు మనకు మాటల కొఱత లేదు. వాని నడవడిని చూడుడు. చక్కదనమనగా అందము, చక్కగా నుండుట యనగా వంకర లేకుండుట. ఒప్పు అనగా అందము. తప్పునకు ఎదురైనదియు నొప్పే. అన్ని విధముల అందమైనదానిని ఒప్పులకుప్ప యందుము. అందమను మాటకే పూర్వము విధమను నర్థము కూడ కలదు. తీరు అను మాటయు నట్టిదే. లావణ్యమను సంస్కృతపదమునకు మూలము లవణమని చెప్పుదురు. కూటికి ఉప్పెట్లో రూపమునకు లావణ్యమట్లు, కంటికి వేఱుగ కనబడక లోన కలసియుండునది. ఈ మాటలు పుట్టించినవారు స్త్రీలను సమానముగ చూచిరని మేము బొంకము. వర్ణనలపేరిట వారు చేసిన యతిశయములు మాకు తెలియును. కాని ఆ మాటలు అందమును మనుష్యునియందే వెదకినవి. నడకలో, తీరులో, ఔచిత్యములో వెదకినవి. ఇంకొకడు కన్నుకట్టిన దానిని అందమనలేదు. దానికి కనికట్టని వేఱుగ పేరు పెట్టి, ఒకదానిలో నొకటి కలియకుండ నుంచినవి. ఆ విభాగమును మనము పోగొట్టుకొనుచున్నాము.

చదువరులారా! ముఖ్యముగ ఇంటిని దిద్దు తల్లులారా! మిమ్ము కోరునవి పెద్ద కార్యములు గావు. మీ యింటికి పెండ్లిచూపులకు వచ్చినవారీ మాట పలికినచో, ఆ పిల్ల యడిగిన ప్రశ్ననే మీరును అడుగుడు. జవాబు చెప్పలేని మాటతో మీ బిడ్డను తూచనీయకుడు. మీరు పోయిన యింట మీ నోటినుండి ఈ మాట రాకుండ చూచుకొనుడు. ఇది మొదటిదానికంటె కష్టము. పెండ్లి వివరపత్రమునకు తీయించు ఛాయాచిత్రమున మీ బిడ్డ రంగును తేలిక చేయుమని ఛాయాగ్రాహకునితో చెప్పకుడు. ఆ పని చేయునప్పుడు మీరే యామెకు మొదటి తీర్పరులగుదురు. పత్రికలవారు పాత్రలో నటనకు చోటు లేనప్పుడు చోటు లేదనియే వ్రాయవలెను. నాయికను పొగడునప్పుడు ఆమెకు గొంతునిచ్చిన కళాకారిణి పేరును గూడ వ్రాయవలెను. మీ పిల్లలు సినిమా చూచి వచ్చిననాడు, ఆ ముఖము వెనుక పనిచేసిన చేతులెన్నో లెక్కించి చెప్పుమనుడు. గారడివాని చేతిని కనిపెట్టిన పిల్లవాడు గారడిని ద్వేషింపడు. ఆనందించును గాని మోసపోడు.

ఆ పెండ్లిచూపుల కబురు మఱల రాలేదు. పిల్ల యెప్పటివలెనే పాఠశాలకు పోయి లెక్కలు చెప్పుచున్నది. మొన్న మా యింటికి వచ్చినప్పుడు, "బాబాయిగారూ, ఆ మాట అర్థం దొరికిందా?" అని నవ్వుచు నడిగినది. దొరకినదమ్మా. అక్షరము అందనివారి కంటికి అక్షరము మాయగ తోచినప్పుడు పుట్టిన మాట యది. పిమ్మట కన్ను కట్టువాండ్ర పనికి పేరైనది. తుదకు కట్టినవాడు దాగి, చూడబడుదానిపై బిరుదుగ వేసినది. నీకు అక్షరము వచ్చును. నీ యెదుట కూర్చున్న నలువదిమంది పిల్లలకు నేర్పుచున్నావు. నీ యందు లేనిదని వారు చెప్పినది, ఎవ్వరియందును లేనిదే.